జిన్నింగ్ మిల్లులో నేను వేలాడదీసిన బోర్డు

ఈ మధ్య మా చుట్టాల పిల్ల ఒకామె ఒక కంపెనీ క్వాలిటీ విభాగంలో ఉద్యోగంలో చేరి, "మామా, నువ్వు చేసిన పనే గదా, ఏమన్న చెప్పు" అని అడిగింది. చెప్పుడు మొదలుపెట్టిన. పది నిమిషాలకు ఫోన్ చూసుకోబట్టింది. తప్పు ఆమెది కాదు. నేను మాట్లాడితే విసుగు, రాస్తే కొంచెం నయం. అందుకే రాస్తున్న. అయితే ఉద్యోగంలో నేను రాసినవి కూడా ఎవరూ చదవలేదన్న సంగతి ముందే చెప్తే మర్యాద.

నా పని ఏందంటే, ఒక పని ఎట్ల చెయ్యాలో కాయితం మీద రాసుడు, దాని ప్రకారం జరుగుతున్నదో లేదో చూసుడు. ఆ కాయితాన్ని 'పని సూచన' అంటరు. పని తెలిసినోళ్లు పని చేస్తరు, తెలియనోడు సూచన రాస్తడు. చాలా ఏండ్లు ఈ ఏర్పాటు సాఫీగనే నడిచింది. ఒక్కసారి మాత్రం నా కాయితం వల్ల పదకొండు మంది ఆడోళ్ల పని పోయే కాడికి వచ్చింది. నాకు వచ్చిన ప్రమోషన్లు రెండే కాబట్టి వాటి ముచ్చట వదిలేస్తున్న. ఈ పదకొండు మంది ముచ్చట చెప్త.

ముగ్గురు గురువులు

మాది సిరిసిల్ల. మా బాపు మరమగ్గం మీద బట్ట నేసెటోడు. నేను కరీంనగర్‌లో డిగ్రీ చదివి, అటు ఇటు తిరిగి, భైంసా దగ్గర ఒక జిన్నింగ్ మిల్లులో పడ్డ. రైతు తెచ్చిన పత్తిలో గింజను వేరు చేసి, దూదిని ప్రెస్సులో ఒత్తి బేళ్లు కట్టే జాగ అది. పత్తి యంత్రంలోకి పోయే ముందు ఒక పొడుగు బెల్టు మీద మెల్లగా నడుస్తది. బెల్టు పొంటి ఆడోళ్లు నిలబడి అందులోని కచరా ఏరుతరు. ఆకులు, సంచుల దారాలు, వెంట్రుకలు, గుట్కా పొట్లాలు, ఒకసారి ఎవరిదో ఎడమకాలి చెప్పు. కుడికాలిది అదే సీజన్‌లో ఇంకో ఊరి పత్తిలో వచ్చింది. దాని మీద మా విచారణ ఇంకా పూర్తి కాలే.

అన్నిటికంటే చెడ్డది ప్లాస్టిక్ దారం. దూదితో పాటు అది కూడా నూలైతది, బట్టయితది, కానీ రంగు పట్టది. బట్టంతా అద్దినంక ఆ ఒక్క గీత మాత్రం మనల్ని చూసి నవ్వుతుంటది. మా బాపు వాపసు వచ్చిన అటువంటి బట్టను ముందర పెట్టుకొని, ఆ దూది పంపినోళ్ల ఏడు తరాలను తల్చుకునేటోడు. నేను ఆ జాబితాలో చేరుతనని పాపం ఆయనకు తెల్వది.

ఏరేటోళ్ల ముకద్దం, అంటే జట్టు పెద్ద, సక్కుబాయి. మహారాష్ట్ర అంచున ఉన్న ఊరి మనిషి. చెయ్యి చూస్తే తీరుబడిగా కదులుతున్నట్టు ఉంటది, ఒడి చూస్తే నిండి ఉంటది. ప్రెస్సు ఫిట్టర్ ఖాజా భాయ్. మిల్లు యజమానిని అందరం సేటు అంటం. ఈ ముగ్గురూ నా గురువులు. జీతం మాత్రం సేటే ఇచ్చిండు.

ఎనిమిది పేజీలు

దక్షిణాన ఉన్న పెద్ద నూలు మిల్లు ఒకటి మా బేళ్లు కొంటనన్నది. కానీ ప్రతి పనికీ రాసిపెట్టిన సూచనలు ఉండాలన్నది. సేటు నన్ను పిలిచిండు.

"మనం చేసేది రాయి."

"ఎంత రాయాలె సేటు?"

"వాళ్లు మల్ల అడగనంత."

ఏరుడు పనికి ఎనిమిది పేజీలు రాసిన. మొదటి వాక్యం ఇప్పటికీ నోటికి వస్తది. "పత్తి నందు గల సమస్త అన్యపదార్థములను కార్మికురాలు తన దృష్టికి వచ్చిన తక్షణమే తొలగించవలెను." ఇంట్లో అట్ల మాట్లాడి ఉంటే నా భార్య నాకు దిష్టి తీసేది.

జట్టును కూర్చోబెట్టి మొత్తం చదివి వినిపించిన. ఐదో పేజీ కాడ ఇద్దరు కండ్లు మూసుకున్నరు. భక్తి అనుకున్న. అయిపోయినంక సక్కుబాయి మర్యాదగా అన్నది.

"మంచిగున్నది సారు. ఎవలి కోసం?"

"మీ కోసమే."

"మా కోసమా?" ఆమె వెనక్కి తిరిగి జట్టును చూసింది. "ఏందే, గిది మనకంటనే."

ఎవరూ నవ్వలే. నవ్వితే బాగుండేది.

ఖాజా భాయ్‌కి ప్రెస్సు సూచన ఇచ్చిన. అందులో "యంత్రము నుండి అసాధారణ శబ్దము వెలువడినచో వెంటనే నిలుపవలెను" అని ఉంది. ఆయన దాన్ని రెండుసార్లు చదివి అద్దాలు తీసిండు.

"సాబ్, జర సాధారణ శబ్దం ఏదో గూడ రాయుండ్రి."

"అంటే?"

"గీ మిషిన్ పొద్దుగాల ఒక తీరుగ అంటది, ఎండ ఎక్కినంక ఒక తీరుగ అంటది. గుర్రుమంటే ఫికర్ లేదు. కిర్రుమంటే నూనె అడుగుతుంది. టకటకమంటే ఏదో నట్టు వదులైంది. ఏమీ అనకుంటే మాత్రం ఉరకాలె."

"ఎటు?"

"గేటు దిక్కు, సాబ్."

ఆ నాలుగు ముక్కలు నేను రాసుకోలే. ఆ ప్రెస్సు గురించి రాయదగ్గవి ఆ నాలుగు ముక్కలేనని తర్వాత తెలిసింది. కొత్తగా చేరేటోళ్లు ఇక్కడ ఆగి ఒక మాట గుర్తు పెట్టుకోవాలె. పని తెలిసిన మనిషి నోరు విప్పినప్పుడు నీ దగ్గర పెన్ను ఉండాలె. నా దగ్గర పెన్ను ఉండె. జేబుకు అందంగా ఉంటదని పెట్టుకున్న.

ఒడి చూపుడు

ఆ ఎనిమిది పేజీల్లోనే ఇంకో ఘనకార్యం చేసిన. సక్కుబాయి జట్టుకు ఒక అలవాటు ఉండె. ఏరిన కచరాను ఎవరి కొంగులో వాళ్లు మూటగట్టుకొని, పొద్దుగూకే ముందర, బెల్టు కాడ నిలబడ్డ వరుసలోనే కూర్చొని, గోనె పట్టా మీద ఎవరి కుప్ప వాళ్లు పోసి చూపెటోళ్లు. దాన్ని ఒడి చూపుడు అనెటోళ్లు. అందరికంటే చిన్న కుప్ప వచ్చినామె తెల్లారి బోరు కాడినుంచి జట్టు మొత్తానికి తాగే నీళ్ల క్యాన్ మోసుకొని రావాలె. మాటలు అదనం.

"ఏమే, ఇయ్యాల కండ్లు ఇంట్ల పెట్టి వచ్చినవా?"

"గా కుప్పను పిచ్చుక గూడ ఎత్తుకపోతది."

నేను దీన్ని సమయం వృథా అని తేల్చి, "ఏరిన పదార్థములను తక్షణమే మూతగల డబ్బాలో వేయవలెను" అని రాసిన. బెల్టు పక్కన నీలం డబ్బా ఒకటి పెట్టించిన. ఒడి చూపుడు బంద్ అయింది.

"డబ్బాల పడ్డంక ఎవలి కాడ ఏం దొరికిందో తెల్వది సారు," అన్నది సక్కుబాయి.

"తెలిసే అవసరం లేదు," అన్న నేను. ఆత్మవిశ్వాసం విషయంలో నాకు ఎప్పుడూ లోటు లేకుండె.

బోర్డు

నూలు మిల్లు నుంచి ఒకాయన తనిఖీకి వచ్చిండు. "మీ పని సూచన ఎక్కడుంది?" అని ఏరేటామెను అడిగిండు. ఆమె వెంటనే చూపించింది. అది పదకొండు సద్ది డబ్బాల మీద కప్పి ఉంది. ప్లాస్టిక్ పూత పూయించిన కాయితం కదా, ఈగలు వాలకుండా బాగా పనికొచ్చింది.

ఆయన నవ్వలే. "సూచన అన్నది పని జరిగే చోటనే కనిపించాలి" అని రాసుకున్నడు. నాకది మనసుకు తగిలింది. మర్నాడే సూచనను గోడకు మేకులు కొట్టి బిగించిన. అది చాలదనిపించింది. బెల్టు చివర, పదకొండో ఆమె కూడా దాటినంక, పత్తి యంత్రం నోట్లో పడే జాగకు సరిగ్గా పైన, ఒక పెద్ద బోర్డు పెట్టాలని తోచింది. దాని మీద ఎర్ర అక్షరాలతో రాయించిన. "ఈ స్థానము దాటిన పత్తిలో అన్యపదార్థములు ఉండవు."

అక్కడ గోడ లేదు. పైన ఒక ఇనుప పైపు ఉంది. బజారుకు పోయి కొత్త ప్లాస్టిక్ తాడు కొన్న. చిలకపచ్చది. చూడముచ్చటగా ఉంటదని. నేనే స్టూలెక్కి రెండు దిక్కులా కట్టిన. స్టూలు ఖాజా భాయ్ పట్టుకున్నడు.

"గట్టిగ కట్టుండ్రి సాబ్. పడ్డదంటే బేళ్లల్లకు పోతది."

"పడది," అన్న.

బోర్డు పడలేదు. ఆ మాటకు ఇప్పటికీ కట్టుబడి ఉన్న.

కవరు

సీజన్ నడుమ నూలు మిల్లు నుంచి ఒక కవరు వచ్చింది. లోపల చిలకపచ్చ ప్లాస్టిక్ పోగులు కొన్ని, అదే రంగు గీత ఉన్న బట్టముక్క ఒకటి. మా బేళ్లలో దొరికినయట.

చిలకపచ్చ రంగును చూసి కూడా నాకేమీ తట్టలేదని మీరు అనుకుంటున్నరు. నిజమే. మనిషి తను రాసిన దాన్ని చదువుతడు గానీ, దాన్ని కట్టిన తాడును చూడడు.

నేను వెంటనే చర్య తీసుకున్న. అంటే, సూచనకు ఇంకో రెండు పేజీలు కలిపిన. "ఆకుపచ్చ పోగులను విశేష శ్రద్ధతో గమనించవలెను." రైతుల సంచులు వెతికిన. ఆకుపచ్చ చీరెలు కట్టుకొని రావద్దన్న. అది ఒప్పుకున్నరు. తర్వాత నా చూపు గాజుల మీద పడ్డది. ఆ దిక్కు పెండ్లయిన ఆడోళ్లు చేతినిండ ఆకుపచ్చ గాజులు వేసుకుంటరు.

"గాజులు తియ్యాల్సి వస్తదేమో," అన్న.

సక్కుబాయి చెయ్యెత్తి గాజులు గలగలలాడించింది. "గాజు పగులుతది సారు. దానికి పోగులు ఎట్లొస్తయి?"

"అయినా, ముందుజాగ్రత్త."

"మీ ముందుజాగ్రత్త మా ఇండ్లల్లకు వచ్చి మా మొగోళ్లకు మీరే చెప్పుండ్రి."

చివరికి గాజుల మీద తెల్ల నూలుబట్ట చుట్టుకోవడానికి రాజీ కుదిరింది. పదకొండు మంది రెండేసి చేతులకు కట్లతో వరుసగా నిలబడ్డరు. పత్తి లారీ డ్రైవర్ ఒకాయన గేటు కాడ దిగి, ఎంతమంది దవాఖానల ఉన్నరని అడిగిండు.

పనిలో పనిగా, బోర్డు కొంచెం వంకరైందని, దానికి అదే తాడు ఇంకో రెండు చుట్లు చుట్టి బిగించిన.

రెండో కవరు కొంచెం లావుగా వచ్చింది. ఇంకొక్కసారి జరిగితే బేళ్లు కొనుడు ఆపేస్తమని ఈసారి ఉత్తరం కూడా ఉంది. సేటు దాన్ని చదివి, మడిచి, నా దిక్కు జరిపిండు.

"ఏరేటోళ్లు చూస్తలేరు," అన్నడు. "సోమవారం నుంచి ఇచ్చోడ ఊరి దిక్కు ఇంకో జట్టు వస్తది. మాట్లాడిన. సక్కుబాయికి చెప్పు."

పత్తి సీజన్ నడుమ ఒక జట్టును తీసేస్తే, వేరే ఏ మిల్లులోనూ జాగ ఉండది. అప్పటికే అందరూ కుదురుకొని ఉంటరు. సేటుకు అది తెలుసు. నాకు తెలుసు. సక్కుబాయికి చెప్పేటప్పుడు ఆమెకూ తెలుసని ఆమె మొఖంలో కనబడ్డది.

పదకొండు కుప్పలు

ఆ రోజు శనివారం.

"సేటు గట్లన్నడా," అన్నది సక్కుబాయి. "మరి మీరేమన్నరు సారు?"

"నేను సూచనను మళ్లీ సవరిస్తున్న."

 ఆమె చిన్నపిల్లగాన్ని అడిగినట్టు మెల్లగా అడిగింది. "ఇయ్యాల ఒక్కరోజు గా డబ్బాకు దూరముంటం సారు. ఏమనరు గదా?"

సరేనని డబ్బా మూత నేనే మూసిన. 

ఆ రోజంతా కచరా కొంగుల్లో పడ్డది. పొద్దుగూకే ముందర పదకొండు మంది వరుసగా కూర్చొని కొంగులు దులిపిన్రు. పదకొండు కుప్పలు. ఎండుటాకులు, తెల్ల సంచి దారాలు, పసుపు దారాలు, కోడి ఈక, ఒక బస్సు టికెట్. సక్కుబాయి మొదటి కుప్ప కాడ మొదలుపెట్టి ఒక్కొక్కటి వేళ్లతో విప్పి చూసుకుంట చివరిదాకా పోయింది. చిలకపచ్చది ఒక్కటి లేదు.

"ఖాజా భాయ్," అని పిలిచింది. "దూది తెచ్చినవా?"

ఆమె ముందే చెప్పి పెట్టిందట. ఖాజా భాయ్ అదే పూట యంత్రం నుంచి వచ్చిన దూదిని రుమాలులో కట్టుకొని తెచ్చి పట్టా మీద విప్పిండు. వెతకాల్సిన పనే లేకుండె. రెండు చిలకపచ్చ పోగులు పైననే ఉన్నయి.

"మా పదకొండు మంది కాడ రాలే," అన్నది సక్కుబాయి. "దూదిల వచ్చినయి. అంటే మేం నిలబడ్డ కాడికీ యంత్రానికీ నడుమల పడ్డయి. నడుమల ఏమున్నది సారు?"

"నడుమ ఏమీ లేదు," అన్న. "ఒక బోర్డు తప్ప..."

ఆ వాక్యాన్ని నేను పూర్తి చెయ్యలే. నా ఉద్యోగ జీవితంలో నేను చిన్నగా ముగించిన వాక్యం అదొక్కటే.

అందరం బెల్టు చివరికి నడిచినం. తలలు ఎత్తినం. యంత్రం గాలికి బోర్డు ఊగుతున్నది. ఊగినప్పుడల్లా తాడు తుప్పు పట్టిన పైపుకు రాసుకుంటున్నది. కట్టిన కాడల్లా తాడు పీచులు పీచులుగా విడిపోయి కిందికి వేలాడుతున్నది.

"సాబ్," అన్నడు ఖాజా భాయ్, "మీ కాయితానికి గడ్డం వచ్చింది."

మేం చూస్తుండంగనే ఒక చిలకపచ్చ పోగు విడివడి, ఏ తొందరా లేకుండా గాలిలో తిరుగుకుంట వచ్చి, పత్తి మీద వాలి, యంత్రం నోట్లోకి పోయింది.

"గా బోర్డు మీద ఏమని రాసిన్రు సారు?" అని అడిగింది సక్కుబాయి.

చదివి వినిపించిన. ఈ స్థానము దాటిన పత్తిలో అన్యపదార్థములు ఉండవు.

ఈసారి జట్టు నవ్వింది. కూర్చొని నవ్విన్రు. ఒకామె కట్లు కట్టిన చేతులతో కండ్లు తుడుచుకున్నది. ఖాజా భాయ్ మర్యాద తెలిసిన మనిషి, కొంచెం దూరం పోయి నవ్విండు.

సేటు గది

తాడు కోసి జేబులో పెట్టుకొని ఇంటికి పోవచ్చని ఒక ఆలోచన రాకపోలే. పచ్చ పోగులు ఆగిపోయేటివి. ఇచ్చోడ జట్టు వచ్చినంక ఆగినయి కాబట్టి పాత జట్టుదే తప్పని సేటు అనుకునేటోడు. కాయితాల మీద అంతా సక్రమంగా ఉండేది. క్వాలిటీ పని చేసేటోళ్లకు ఈ ఆలోచన ఎప్పుడో ఒకప్పుడు వస్తది. రాదని చెప్పెటోన్ని నమ్మకండి. నాకు దాదాపు సేటు గది గడపదాకా వచ్చింది. అక్కడ వెనక్కి తిరిగి చూస్తే, సక్కుబాయి చేతికి చుట్టిన తెల్లబట్ట విప్పుకుంటున్నది. నన్ను చూస్తలేదు. అదే కష్టమైంది.

బోర్డును, తాడును, రెండు కవర్లను సేటు బల్ల మీద పెట్టి జరిగింది చెప్పిన. సేటు తాడును కవరులోని పోగు పక్కన పెట్టి చూసిండు.

"ఇది రాసింది ఎవరు?"

"నేను."

"కట్టింది?"

"నేనే."

"కట్టినంక ఎట్లుందో చూడాల్సింది?"

"అది కూడా నేనే సేటు."

"మంచిది," అన్నడు. "ఒక్కన్నే తిడితే అయిపోతది."

తిట్టిండు. అది రాసిపెట్టదగ్గ సూచన కాదు. అది అయినంక ఇచ్చోడకు ఫోన్ చేసి జట్టు వద్దన్నడు. నూలు మిల్లుకు జరిగింది జరిగినట్టు నన్నే రాయమన్నడు. ఆ లాటు బేళ్లు కొన్ని వాపసు వచ్చినయి. సేటు వాటిని నా ఆఫీసు కిటికీకి ఎదురుగా పేర్పించిండు. ఆ సీజన్ అయిపోయేదాకా నా గదిలోకి వెలుతురు రాలే.

ఇంకో మాట కూడా అన్నడు. "వారం రోజులు సక్కుబాయి చేతికింద ఏరు. పన్నెండో జాగ ఖాళీగనే ఉన్నది. పైన బోర్డు గూడ లేదిప్పుడు."

అర పేజీ

ఏరిన. బెల్టు మెల్లగా నడుస్తదని ఇన్నేండ్లు కాయితం మీద రాసిన మనిషిని నేను. అది ఉరుకుతది. మొదటి రోజు సాయంత్రం ఒడి చూపుడులో నా కుప్ప మొత్తాన్ని సక్కుబాయి రెండు వేళ్లతో ఎత్తి చూసింది.

"ఇయ్యాల మొదటి రోజు గదా సారు," అన్నది. "క్యాన్ బోరు కాడున్నది."

నీళ్ల క్యాన్ మోసుకుంట, గేటు ముందర ఒక డ్రైవర్‌కు నమస్తే పెట్టుకుంట, నేను చాలా నేర్చుకున్న. ఆ వారం తర్వాత కొత్త సూచన రాసినం. సక్కుబాయి చెప్పింది, నేను రాసిన. అర పేజీ అయింది. "పచ్చ, పసుపు, తెలుపు, ఏ దారమైనా ముందు దారం, తర్వాత ఆకు. అనుమానం వస్తే గుప్పెడు తీసి పక్కన పెట్టాలె. ఏరింది కొంగులో వెయ్యాలె, డబ్బాలో కాదు. సాయంత్రం వరుసలో కూర్చొని ఒడి చూపాలె. కుప్ప తక్కువైనోళ్లు తెల్లారి నీళ్లు మోయాలె. బెల్టు మీద ఏదీ వేలాడదీయొద్దు." ఆఖరి వాక్యం చెప్పేటప్పుడు ఆమె నా దిక్కు చూడలే. ఆమె మర్యాద ఎన్నడూ తప్పలే. దాన్ని గోడ మీద రంగుతో రాయించినం. మేకు లేదు, తాడు లేదు.

నూలు మిల్లాయన మళ్లీ తనిఖీకి వచ్చి గోడ చదివిండు. నీళ్ల క్యాన్ కాడ ఆగిండు.

"ఇది నిజంగా అమలు చేస్తున్నారా? ఆధారం ఉందా?"

నేను నోరు తెరిచేలోపల సక్కుబాయి నన్ను చూపించింది. "గా సారునే అడుగుండ్రి. వారం మోసిండు."

ఆయన నా భుజం దిక్కు చూసి, ఏదో టిక్కు పెట్టుకున్నడు. బేళ్లు కొనుడు ఆగలే.

కొత్తగా ఈ పనికి వచ్చేటోళ్లకు నేను చెప్పేది కొంచెమే. నువ్వు రాసే కాయితం కూడా ఆ పని జాగలో ఒక వస్తువే. దానికీ దుమ్ము పడతది, అది కూడా చినుగుతది, రాలుతది, ఎవరి సద్ది మీదనో మూతైతది. నెలకోసారి పోయి దాన్ని చదవకు, చూడు. అక్కడ ఏదైనా పిచ్చి అలవాటు కనిపిస్తే, దాన్ని కొట్టేసే ముందు అది ఏం పని చేస్తున్నదో అడుగు. మిగతాదంతా తెలివిగల్లోళ్లు పుస్తకాల్లో రాసిన్రు.

నేను రిటైరైన రోజు మిల్లులో చిన్న సభ పెట్టిన్రు. సేటు రెండు వాక్యాలు మాట్లాడిండు, అందులో ఒకటి టీ గురించి. శాలువా కప్పమని సక్కుబాయిని పిలిచిన్రు. ఆమె శాలువా అందుకొని, నా మీద కప్పకుండ, ముందు వెలుగుకు పట్టి ఈ అంచు నుంచి ఆ అంచు దాకా చూసింది. ఒక దారం దొరికింది. తీసి కొంగులో వేసుకున్నది. అప్పుడు కప్పింది.

దారం ఎర్రది. చిలకపచ్చది కాదు. అయినా నాకు చెమట పట్టింది.